తుడిచే ముందు చూడు: కొత్త సింగిల్ యాక్షన్ రివాల్వర్ గురించి

అల్లుడూ,

లైసెన్సు వచ్చిందని, సింగిల్ యాక్షన్ రివాల్వర్ (ప్రతి తూటాకీ హ్యామర్‌ని, అంటే వెనకున్న సుత్తిని, చేత్తో లాగాల్సినది) ఇంటికి చేరిందని రాశావు, సంతోషం. .357 మాగ్నమ్ అని రాశావు, బ్యారెల్ పొడవు రాశావు, పిడి చెక్క రంగు కూడా రాశావు. అసలు విషయం మాత్రం రాయలేదు: దానికి ట్రాన్స్‌ఫర్ బార్, అంటే హ్యామర్ దెబ్బని ఫైరింగ్ పిన్‌కి (తూటాని పేల్చే సూదికి) చేర్చే పలక, ఉందా లేదా? ఆరు తూటాలు వేయాలా, ఐదా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ముందు లోడింగ్ గేట్ (తూటాలు వేసే పక్క తలుపు) తీసి, సిలిండర్‌లోని ఆరు ఛాంబర్లూ (తూటా గదులు) ఖాళీ అని కంటితో చూడు, వేలితో తడుము. తర్వాత హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగి, బొటనవేలితో గట్టిగా పట్టుకునే ట్రిగ్గర్ నొక్కి, అలాగే నొక్కి ఉంచి, హ్యామర్‌ని మెల్లగా కొంచెం దించు. హ్యామర్‌కీ ఫ్రేముకీ మధ్య ఒక ఉక్కు పలక పైకి లేచి కనిపిస్తే అదే ట్రాన్స్‌ఫర్ బార్. ట్రిగ్గర్ వదిలితే అది కిందికి దిగిపోతుంది, అప్పుడు హ్యామర్‌కి దెబ్బ తగిలినా ఫైరింగ్ పిన్ కదలదు, కాబట్టి ఆరూ వేయొచ్చు. ఫైరింగ్ పిన్ ఫ్రేములో ఉంది కదా అని బార్ ఉన్నట్టే అనుకోకు. రూగర్ కంపెనీ 1973లో బార్ పెట్టక ముందు చేసిన వాటిలోనూ పిన్ ఫ్రేములోనే ఉండేది. బార్‌ని కళ్లారా చూడకపోతే అది 1873 నాటి కోల్ట్ పద్ధతే అనుకుని ఐదే వెయ్యి, అందులో దెబ్బ తగిలితే హ్యామర్ కిందున్న తూటా పేలొచ్చు. హ్యామర్‌ని హాఫ్ కాక్‌లో (సగం లాగిన చోట) పెట్టి గేటు తెరువు, ఒకటి వేసి, ఒకటి వదిలి, వరసగా నాలుగు వెయ్యి. గేటు మూసి, హ్యామర్‌ని ఫుల్ కాక్ దాకా (పూర్తిగా వెనక్కి) లాగి, మూతి టార్గెట్ వైపే ఉంచి మెల్లగా దించు. హ్యామర్ ఖాళీ ఛాంబర్ మీద వాలుతుంది. హాఫ్ కాక్ నుంచి తిన్నగా దించేయకు. ఫుల్ కాక్ దాకా వెళ్లకుండా దించితే సిలిండర్ స్టాప్ (సిలిండర్‌ని తిరగకుండా ఆపే మేకు) గాడిలో కాకుండా సిలిండర్ ఒంటి మీద పడి చుట్టూ గీత గీస్తుంది. పాత రివాల్వర్ల మీద ఆ గీత చూస్తే ఎవరి చేతిలో పడిందో తెలిసిపోతుంది.

రేంజ్‌కి వెళ్లేలోపు ఇంకో పని ఉంది. ఫ్యాక్టరీ నుంచి తుప్పు పట్టకుండా దట్టంగా నూనె పూసి పంపుతారు. ఛాంబర్లలో ఆ నూనె ఉండగా కాలిస్తే కేస్ (తూటా గొట్టం) ఛాంబర్ గోడను పట్టుకోక వెనక్కి జారుతుంది, ఫ్రేము మీద దెబ్బ పెరుగుతుంది. ప్రైమర్‌లోకి (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్లలోకి) నూనె దిగితే అసలు పేలకపోనూవచ్చు. గేటు తెరిచి, పాత పద్ధతిదైతే హాఫ్ కాక్‌లో పెట్టి, బేస్ పిన్ (సిలిండర్ తిరిగే ఇరుసు) తాళం నొక్కి పిన్ ముందుకు లాగు. సిలిండర్ కుడిపక్కకి దొర్లి బయటకొస్తుంది. బ్యారెల్‌లో, ఆరు ఛాంబర్లలో పొడి ప్యాచ్‌లు (చిన్న గుడ్డ ముక్కలు) శుభ్రంగా బయటకొచ్చేదాకా దూర్చు. బేస్ పిన్ తుడిచి సన్నటి పొరలా కాస్త గ్రీజు రాసి మళ్లీ పెట్టు. పిన్ పూర్తిగా లోపలికి వెళ్లి తాళం పడిందో లేదో తల మీద నొక్కి చూడు.

టైమింగ్, అంటే సిలిండర్ సరైన సమయానికి తాళం పడుతోందా అన్నది, ఇంట్లోనే చూసేయొచ్చు. ఖాళీ సిలిండర్‌కి వేలు ఆనించి చిన్న అడ్డు పెడుతూ హ్యామర్‌ని చాలా నెమ్మదిగా లాగు. హ్యామర్ ఫుల్ కాక్‌కి చేరేలోపు, లేదా సరిగ్గా అప్పుడే, స్టాప్ గాడిలో పడాలి. హ్యామర్ చేరినా సిలిండర్ ఇంకా తాళం పడకుండా కదులుతుంటే టైమింగ్ ఆలస్యం. ఆరు ఛాంబర్లకీ విడివిడిగా చూడు, ఒక్కదానికే ఆలస్యం ఉండొచ్చు. ఆ తర్వాత సిలిండర్‌ని వెనక్కి నొక్కిపట్టి, సిలిండర్ ముందు ముఖానికీ బ్యారెల్‌కీ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి కొలువు. 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉంటే బాగున్నట్టు. 0.25 దాటితే వేగం పోతుంది, పక్కకి చిమ్మడం ఎక్కువవుతుంది. 0.05కి దిగితే యాభై తూటాలయ్యేసరికి మసి పట్టి సిలిండర్ బిగుసుకుంటుంది. అంకె కాగితం మీద రాసుకో, ఏడాది తర్వాత మళ్లీ కొలిచినప్పుడు పనికొస్తుంది. టైమింగ్ తప్పినా, సందు మరీ తేడాగా ఉన్నా కాల్చకుండానే కొన్నచోటికి తిరిగి పంపు. కొత్త సరుకుని నువ్వు బాగుచేయక్కర్లేదు.

రేంజ్‌కి చెవులకీ కళ్లకీ రక్షణ ఎలాగూ తీసుకెళ్తావు. వాటితోపాటు స్క్రూ గాడిలో సరిగ్గా కూర్చునే డ్రైవర్, ఫెల్ట్ పెన్ను, బ్యారెల్‌లో పట్టే ఇత్తడి కడ్డీ పెట్టుకో. తూటాలు ఫ్యాక్టరీవే కొను. ఇంట్లో నింపినవి మొదటి పరీక్షకి వద్దు, తప్పు తుపాకీదో తూటాదో తేలదు. 158 గ్రెయిన్ల బుల్లెట్ ఉన్న .38 స్పెషల్ (ఇందులోనే కాల్చగల కాస్త పొట్టి తూటా) ఒక పెట్టె, అదే బరువులో .357 ఒక పెట్టె, 125 గ్రెయిన్లది ఇంకొకటి చాలు.

మొదట ఒక్కటే వేసి కాల్చు. కేస్ తీసి ప్రైమర్ చూడు. ఫైరింగ్ పిన్ గుంట మధ్యలో, చిల్లు పడకుండా, లోతుగా ఉండాలి. తర్వాత రెండు, ఆ తర్వాత ఐదు. ఎడమ చెయ్యి ఎక్కడుందో చూసుకో: సిలిండర్ ముందు అంచు దాటి ఒక్క వేలు కూడా ఉండకూడదు. ఆ సందులోంచి వచ్చే మంట, సీసపు తుంపర చర్మాన్ని కోసేస్తాయి. నీకు సరిగ్గా పక్కన ఎవరినీ నిలబడనీయకు.

నొక్కితే పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగు, ఆలస్యంగా పేలొచ్చు. శబ్దం పేలవంగా వస్తే, తన్ను తగ్గితే, వెంటనే ఆపు, ఇంకో తూటా కాల్చకు. బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు. సిలిండర్ తీసేసి కడ్డీతో చూసుకోవాలి. దాని వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, మనిషికి గాయమూ అవుతుంది.

గురి పరీక్షకి 7 మీటర్ల నుంచి మొదలుపెట్టి 25కి వెళ్లు. ఇసుక సంచి మీద చేతులు ఆనించు, బ్యారెల్ ఆనించకు. బ్యారెల్ గట్టిదాని మీద ఆనితే తూటా తగిలే చోటు మారిపోతుంది, తర్వాత చేత్తో కాల్చినప్పుడు లెక్క కలవదు. ఈ రివాల్వర్ పిడి తన్నుకి చేతిలో పైకి దొర్లుతుంది, ఆ తీరు అంతే, గట్టిగా నలిపి ఆపాలని చూడకు. ప్రతిసారీ ఒకే ఎత్తులో, ఒకే పట్టుతో పట్టుకోవడమే ముఖ్యం. చిటికెన వేలు ఓసారి పిడి మీద, ఓసారి పిడి కింద పెట్టావంటే టార్గెట్ మీద తూటాల గుంపు నిలువునా సాగుతుంది. హ్యామర్ బరువైనది, దూరం నుంచి వచ్చి కొడుతుంది. అందుకే ట్రిగ్గర్ నొక్కాక కూడా గురి సైట్‌ని ఒక క్షణం అలాగే చూస్తూ ఉండాలి.

తూటా రకానికి ఐదేసి చొప్పున మూడు గుంపులు కాల్చు. ఐదులో నాలుగు దగ్గరగా పడి ఒకటి దూరంగా పోతుంటే నీ చేతిని తిట్టుకునే ముందు ఛాంబర్ పరీక్ష చెయ్యి. సిలిండర్ మీద ఫెల్ట్ పెన్నుతో 1 నుంచి 6 అంకెలు వెయ్యి. ఒక్కో ఛాంబర్‌కి ఒక్కో టార్గెట్ కాగితం, ఒక్కోదానితో మూడేసి. ఎప్పుడూ 4వ నంబరే పక్కకి పోతుంటే ఆ ఛాంబర్ మూతి కొలతో, బ్యారెల్‌తో దాని వరసో తేడా అన్నమాట. చాలామంది ఈ ఓపిక లేకే మంచి తుపాకీని అమ్మేస్తారు, చెడ్డదాన్ని అట్టే పెట్టుకుంటారు.

నీదానికి వెనక సైట్ తిప్పేదైతే సులువు, తూటా ఎటు జరగాలో సైట్‌ని అటు జరుపు. కదలని సైట్‌లైతే ఆకురాయి ఇప్పుడే తీయకు. ముందు సైట్ అరగదీస్తే తగిలే చోటు పైకి వెళ్తుంది, అరిగిన ఇనుము మళ్లీ రాదు. ఎంత అరగదీయాలో లెక్క ఉంది: తేడాని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించు. 25 మీటర్ల దగ్గర 100 మి.మీ. కిందికి పడుతోంది, సైట్ల మధ్య 160 మి.మీ. ఉంది అనుకుంటే, 100ని 160తో గుణించి 25,000తో భాగిస్తే 0.64 మి.మీ. అందులో సగమే ముందు అరగదీసి, మళ్లీ కాల్చి చూడాలి. అదీ ఏ తూటా వాడాలో తేల్చుకున్నాకే. మామూలుగా బరువైన బుల్లెట్ పైకి, తేలికది కిందికి తగులుతుంది. నెమ్మదిగా వెళ్లే బుల్లెట్ బ్యారెల్ దాటేలోపు తన్నుకి మూతి ఎక్కువ లేస్తుంది కాబట్టి. బుల్లెట్ బరువు మారిస్తేనే సగం తేడా సర్దుకోవడం చాలాసార్లు జరుగుతుంది. పక్కకి పోతుంటే మాత్రం బ్యారెల్‌ని మరలో కాస్త తిప్పాలి, అది తుపాకీ మెకానిక్ పని.

మధ్యమధ్య మూడు చోట్ల చెయ్యి పెట్టి చూస్తుండు. ఎజెక్టర్ (ఖాళీ కేసుల్ని నెట్టే కడ్డీ) గొట్టం స్క్రూ తన్నుకి వదులవుతుంది, ఊడిందంటే గడ్డిలో దొరకదు. బేస్ పిన్ ముందుకు జారుతుంది, జారితే దాని తాళం స్ప్రింగ్ గట్టిది వేయించాలి. మూడోది, కాల్చని తూటాల్లో బుల్లెట్ కేస్ నుంచి ముందుకు సాగి సిలిండర్‌ని పట్టేస్తుంది. ఐదు కాల్చాల్సినచోట నాలుగే కాల్చి ఐదోదాన్ని తీసి చూస్తే తెలుస్తుంది. సిలిండర్ తిరగనని మొరాయిస్తే బలవంతంగా హ్యామర్ లాగకు. ఇదో, లేకపోతే పైకి పొడుచుకొచ్చిన ప్రైమరో అయుంటుంది.

ఇంటికొచ్చాక వెంటనే గుడ్డ తీసుకోకు. మసి ఇంకా ఒంటి మీద ఉండగానే దీపం దగ్గర పెట్టి చూడు. సిలిండర్ ముందు ముఖం మీద ఆరు నల్లటి వలయాలు ఒకేలా ఉండాలి. ఫోర్సింగ్ కోన్ అంచున, అంటే బ్యారెల్ వెనక మూతి దగ్గర, సీసం ఒక పక్కనే పేరుకుంటే ఛాంబర్ బ్యారెల్‌కి సూటిగా నిలబడట్లేదు. సీసం బ్యారెల్ మొదట్లోనే చుట్టూ పేరుకుంటే ఛాంబర్ మూతులు ఇరుకై బుల్లెట్‌ని సన్నగా నొక్కుతున్నాయేమో చూడాలి. కేసులు ఒకే ఛాంబర్‌లో అతుక్కుంటే అక్కడ గరుకు ఉంది, ఆరింటిలోనూ అతుక్కుంటే ఆ తూటాలు ఆపెయ్యి. ఇవన్నీ టార్గెట్ కాగితం వెనక రాసుకున్నాకే సాల్వెంట్ (మసి కరిగించే ద్రవం) మూత తెరువు.

శుభ్రం చేసే గదిలో తూటాలు ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి, చేతికి తొడుగులు ఉండాలి. ఈ తుపాకీని వెనక నుంచి శుభ్రం చేయలేం, ఫ్రేము అడ్డం. సిలిండర్ తీసేసి మూతి వైపు నుంచే కడ్డీ పెట్టాలి కాబట్టి మూతి అంచుకి కడ్డీ రాసుకోకుండా ఇత్తడి బిరడా వాడు. ఆ అంచు అరిగితే గురి పోతుంది. సాల్వెంట్ తడిపిన ప్యాచ్ దూర్చి పది నిమిషాలు నాననివ్వు. బ్రాంజ్ బ్రష్ పూర్తిగా అవతలికి వెళ్లాకే వెనక్కి లాగు, మధ్యలోనే వెనక్కి మళ్లిస్తే వెంట్రుకలు విరుగుతాయి. స్టీలు బ్రష్ వద్దు. పది పన్నెండు సార్లు అలా అటూ ఇటూ నడిపి, పొడి ప్యాచ్‌లు వెయ్యి. సీసం మొండిగా ఉంటే పాత బ్రష్‌కి అసలు రాగి పీచు చుట్టి తోము. రాగి పూత వేసిన ఇనప పీచు కాదని అయస్కాంతంతో చూసుకో. వెనిగర్, పెరాక్సైడ్ కలిపి పోస్తే సీసం కరుగుతుందని ఎవరైనా చెబితే వినకు, అది కరిగి విషమవుతుంది. నికెల్ పూత ఉంటే అమ్మోనియా ఉన్న సాల్వెంట్ తగలనీయకు.

ఛాంబర్లలో .38 కాల్చిన గుర్తు ఉంటుంది. .357 కంటే ఆ కేస్ మూడు మిల్లీమీటర్లకు పైగా పొట్టి కాబట్టి దాని మూతి దగ్గర మసి వలయం కడుతుంది. అది తోమకుండా .357 వేస్తే లోపలికి పూర్తిగా పోదు, పోయినా కేస్ అక్కడ బిగుసుకుంటుంది. ఛాంబర్‌కి కాస్త పెద్ద సైజు బ్రష్ వేసి తిప్పు. టాప్ స్ట్రాప్ (సిలిండర్ పైనున్న ఫ్రేము పట్టీ) కింద, ఫైరింగ్ పిన్ రంధ్రం చుట్టూ, సిలిండర్ వెనక పళ్ల మధ్య నైలాన్ బ్రష్ చాలు. సిలిండర్ ముఖం మీది నల్లమచ్చలు పూర్తిగా పోవు, పోనవసరమూ లేదు. సీసం తీసే గుడ్డతో రుద్దావంటే నల్లపూత కూడా దాంతో పోతుంది.

నూనె విషయంలో చెయ్యి బిగబట్టు. హ్యామర్ రెండు పక్కలా ఒక్కో చుక్క, సిలిండర్‌ని తిప్పే పంజా గాడిలో ఒక చుక్క, గేటు కీలుకి ఒక చుక్క. ఎక్కువైతే లోపలికి దిగి దుమ్ముతో జిగురై హ్యామర్ దెబ్బ మందగిస్తుంది, పిడి చెక్కలోకీ పీలుస్తుంది. బ్యారెల్‌లో, ఛాంబర్లలో పల్చటి పొర, అదీ తర్వాతిసారి కాల్చే ముందు తుడిచేయాలి. అన్ని స్క్రూలూ బిగువు చూడు, వదులైనవాటికి తక్కువ బలం ఉన్న మర జిగురు చాలు. తోలు ఒరలో పెట్టి దాచకు, తోలు తేమని పట్టి ఉంచి తుప్పు పట్టిస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని, ఆ తర్వాతే అన్నానికి కూర్చో, సీసం కంటికి కనిపించదు.

టార్గెట్ కాగితాలు పారేయకు. వెనక రాసిన వివరాలతో సహా నాకు పంపు, ఆరు ఛాంబర్లవీ విడివిడిగా. ఆకురాయి సంగతి అవి చూశాకే చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య