సదస్సు కాదండీ, ముందు మీ విద్యార్థులకు లాగిన్ అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్. మీ పిల్లలు బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరగానే ఆసుపత్రివాళ్లు "వీళ్లకి కంప్యూటర్ సిస్టమ్ రాదు, మందు ఎక్కించే పంపు సెట్ చేయడం రాదు, మళ్లీ మేమే నేర్పాలి" అంటున్నారు. అందుకని మీ ప్రిన్సిపల్ గారు నాలుగైదు ఆసుపత్రుల హెచ్.ఆర్.లను పిలిచి ఒకరోజు సదస్సు పెడదామంటున్నారు. దానివల్ల పనవుతుందా?

అవదండీ. నేను బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చాలాకాలం వార్డు ఇన్‌ఛార్జ్‌గా చేసి, ఇప్పుడు నర్స్ ఎడ్యుకేటర్‌గా ఉన్నాను. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ చదువుకున్న మన పిల్లలు ఏటా కొత్త యూనిఫారాల్లో నా దగ్గరికే వస్తారు. మీరు చెప్పే సదస్సులకు ఆసుపత్రి తరఫున నేనూ వెళ్లాను. శాలువాలు, బొకేలు, ఒప్పందం మీద సంతకాలు, ఫొటో. భోజనం మాత్రం బాగుంటుంది. మర్నాడు వార్డులో ఏమీ మారదు. వార్డులో పనిచేసేవాళ్లు ఒక్కరూ ఆ హాల్లో ఉండరు కదా!

సిలబస్‌లో లేదనుకోవడానికీ లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021-22 నుంచి తెచ్చిన సెమిస్టర్ పద్ధతిలో రెండో సెమిస్టర్‌లోనే నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్, టెక్నాలజీ సబ్జెక్టు ఉంది. చివరి సెమిస్టరేమో పూర్తిగా ఇంటర్న్‌షిప్. కాగితం మీద అన్నీ ఉన్నాయి. తేడా వచ్చేది కంప్యూటర్ ముందు కూర్చునే దగ్గర.

పోస్టింగ్‌కి, అంటే వార్డులో శిక్షణకి వచ్చిన అమ్మాయి బీపీ చూస్తుంది, టెంపరేచర్ చూస్తుంది. సిస్టమ్‌లో ఎక్కించాల్సి వచ్చేసరికి స్టాఫ్ సిస్టర్ కూర్చుంటుంది, ఈ అమ్మాయి వెనక నిలబడుతుంది. యూజర్ ఐడీ లేదు కాబట్టి తన లెక్కలన్నీ కాలేజీ ఫైల్లో పెన్నుతో రాసుకుంటుంది. మీరు మార్కులు వేసేదీ ఆ ఫైలుకే. అలా ఏళ్ల తరబడి కేర్ ప్లాన్లు అందంగా రాసి, స్కెచ్ పెన్నుతో అండర్‌లైన్లు గీసి, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మానిటర్ ముందు బిక్కమొహం వేస్తుంది. ఆసుపత్రిదీ పూర్తిగా తప్పనలేం. ఏ మందు ఎవరు, ఎన్ని గంటలకు ఇచ్చారన్నది రేపు కోర్టుకైనా చూపించాల్సిన రికార్డు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇంకా రాని విద్యార్థి పేరు అందులో ఉంటే ఎవరు జవాబు చెప్పాలి? అందుకే ఐటీ వాళ్లు ఒక్కమాటలో కుదరదంటారు.

అప్పుడేమవుతుందో మీకూ తెలిసే ఉంటుంది. షిఫ్ట్ మారే వేళ హడావుడిలో సిస్టర్ "నా ఐడీలో కొట్టేయమ్మా" అంటుంది. అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది ఇదే. పరాయి ఐడీతో పని కానిచ్చేయడమే ఆ పిల్ల నేర్చుకున్న మొదటి టెక్నాలజీ పాఠం అవుతుంది.

కాబట్టి హెచ్.ఆర్.ని వదిలేయండి. ఒక వార్డు ఇన్‌ఛార్జ్, మీ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్, ఆసుపత్రి ఐటీ నుంచి ఒకరు, వైద్య పరికరాలు చూసుకునే బయోమెడికల్ ఇంజనీరు. ఈ నలుగురు ఒక గంట కూర్చుంటే చాలు. మొదట అడగాల్సింది ట్రైనింగ్ సర్వర్. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు స్టాఫ్‌కి నేర్పడానికి ఉత్తుత్తి పేషెంట్లతో ఒక కాపీ ఇస్తారు. అసలుది మొదలయ్యాక దాని వంక చూసేవాళ్లుండరు. మా దగ్గరా అలాగే పడి ఉండేది. దాన్ని బయటికి తీయించి విద్యార్థులకు ఐడీలు ఇప్పించాం. అడ్మిషన్ నుంచి డిశ్చార్జ్ దాకా, మందుల ఇండెంట్‌తో సహా, అందులో ఎన్ని తప్పులు చేసినా ఎవరికీ నష్టం లేదు.

అసలు సిస్టమ్‌లోకి రానివ్వడానికి మాత్రం నెలలు పట్టింది. విద్యార్థి ఎక్కించిన ఎంట్రీని రిజిస్టర్డ్ నర్సు చూసి ఓకే చేస్తేనే రికార్డులోకి వెళ్లే ఏర్పాటు మా సాఫ్ట్‌వేర్‌లో ముందునుంచీ ఉంది, ఎవరూ ఆన్ చేయలేదంతే. మీరు వెళ్లే ఆసుపత్రిలోనూ ఉందేమో ఐటీ వాళ్లను అడగండి. మాకు నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ రెండు వార్డులకే, అదీ వైటల్స్‌కి (బీపీ, టెంపరేచర్ లాంటివి), ఒంట్లోకి వెళ్లిన, బయటికొచ్చిన ద్రవాల లెక్క రాసే ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్ట్‌కి మాత్రమే ఒప్పుకున్నారు. మందుల జోలికి వద్దన్నారు. ఆ మాట సబబేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఐడీ ఇచ్చేముందు ఫోన్ల సంగతి తేల్చుకోండి. కేస్ ప్రెజెంటేషన్ కోసమని స్క్రీన్ ఫొటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. పేషెంటు పేరు, ఫోన్ నంబరు అన్నీ అందులోనే. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. అది ఆసుపత్రి మెడకు చుట్టుకుంటే ఆ తర్వాత మీ కాలేజీని గేటు దగ్గరే ఆపేస్తారు.

ఇక పంపుల మాట. బ్యాటరీ పోయిందనో మోడల్ పాతబడిందనో పక్కన పెట్టిన ఇన్ఫ్యూజన్ పంపులు బయోమెడికల్ గదిలో ఉంటాయి. పేషెంటుకు పనికిరావు గానీ బటన్లు నొక్కి నేర్చుకోడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. "పేషెంటుకు వాడరాదు" అని స్టిక్కర్ వేయించి మీ స్కిల్ ల్యాబ్‌కి అడగండి. వాటితోపాటు ఆ ఇంజనీరునే ఒక పూట రమ్మనండి. ఏ అలారం ఎందుకు మోగుతుందో ఆయన చెప్పినట్టు మేం చెప్పలేం.

అయితే పంపు ముట్టుకునే ముందు లెక్క చేతితో చేయించండి. 60 కిలోల పేషెంటు, కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రాముల నారడ్రెనలిన్ (బీపీ పెంచే మందు), 50 మి.లీ. సిరంజిలో 4 మి.గ్రా. అంటే గంటకు 360 మైక్రోగ్రాములు కావాలి, మి.లీ.లో 80 ఉన్నాయి, పంపు రేటు గంటకు 4.5 మి.లీ. చుక్క మర్చిపోయి 45 కొడితే పదింతల మందు వెళ్లిపోతుంది. ఎంత రావాలో మనసులో ఉన్న పిల్ల స్క్రీన్ మీద 45 చూడగానే ఉలిక్కిపడుతుంది. లేనిపిల్ల స్టార్ట్ నొక్కేస్తుంది.

పరికరంలోనే లోపముంటే ఎవరికి చెప్పాలో కూడా అప్పుడే నేర్పండి. వైద్య పరికరాల వల్ల వచ్చే ఇబ్బందులు నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ 2015 నుంచి ఉంది, నర్సులూ రిపోర్ట్ చేయొచ్చు. మా స్టాఫ్‌లోనే చాలామందికి ఆ ఫారం నింపాలంటే భయం, తమ మీదకే వస్తుందని.

కోరమంగళ, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ వైపునుంచి స్టార్టప్‌లవాళ్లు కూడా వస్తారు. పరుపు కింద పెట్టే సెన్సర్, పుండు ఫొటో తీసే యాప్, ఇలాంటివి పట్టుకుని. రానివ్వండి, కానీ మీ పిల్లల్ని ఉచితంగా డెమో ఇచ్చే మనుషులుగా వాడుకోనివ్వకండి. పేషెంట్ల డేటా తీసుకుంటామంటే ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించమనండి. అంతకంటే మీ చివరి సంవత్సరం వాళ్ల రీసెర్చ్ ప్రాజెక్టుకి మంచి పని ఉంది. ఐసీయూలో ఒక షిఫ్ట్‌లో మోగిన అలారాలెన్ని, వాటిలో ఎవరైనా లేచి వెళ్లాల్సినవి ఎన్ని? ఆ లెక్క ఇన్‌ఛార్జ్‌కి కావాలి, ఇంజనీరుకి కావాలి, స్టార్టప్‌కీ కావాలి.

కాస్త కటువుగా అంటున్నా, ఏమనుకోకండి. ట్యూటర్లు కూడా సెలవుల్లో కొన్ని షిఫ్టులు వార్డుకి రావాలి. కాగితం చార్టుల కాలంలో బెడ్‌సైడ్ వదిలినవాళ్లు ఇప్పటి సిస్టమ్ ఎలా నేర్పుతారు? ఆ రోజుల జీతమో, ప్రత్యామ్నాయమో ఆసుపత్రే చూడాలి. కొత్తగా చేరినవాళ్లకు వారాల తరబడి ఓరియెంటేషన్ పెట్టి జీతమిస్తున్నది వాళ్లే కదా, ఆ ఖర్చు తగ్గుతుందని లెక్కవేసి చూపిస్తే వింటారు. సిద్ధంగా ఉన్న నర్సులే కావాలనే యాజమాన్యాలు నేర్పే ఇన్‌ఛార్జ్‌కి ఒక గంట తీరిక ఇవ్వకపోవడం నాకు మింగుడుపడదు.

మీరు రాసే ఉత్తరం నర్సింగ్ సూపరింటెండెంట్ పేరు మీద ఉండాలి, అందులో ట్రైనింగ్ సర్వర్ ఒక్కటే అడగండి. ఎనిమిదో సెమిస్టర్ పోస్టింగ్‌కి చాలా ముందే పంపండి, ఐటీలో ఫైలు నిదానంగా కదులుతుంది. ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్.ఏ.బి.హెచ్. తనిఖీ దగ్గరపడిన నెలలో మాత్రం వద్దు. అప్పుడు మాలో ఎవరమూ ఫోన్ కూడా ఎత్తం.