అరిగింది గుజ్జా, ఎముకా?

సందేహం: మా నాయనకు తిరుపతిలో మోకాలికి ఎక్స్‌రే తీసినారు. ‘గుజ్జు అరిగిపోయింది’ అన్నారు. ఎక్స్‌రేలో ఎముకే గాని గుజ్జు కనపడదని మా అబ్బాయి వాదన. ఇంతకీ అరిగింది ఏది? ఏమని రాయాలి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: మీ అబ్బాయి చెప్పింది నిజం. ఆసుపత్రిలో అన్నదీ తప్పు కాదు. ఎముకలోని కాల్షియం ఎక్స్ కిరణాలను అడ్డుకుంటుంది, అందుకే అది ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. మోకాట్లో ఎముకల కొసలను కప్పి ఉండే మృదులాస్థికి (ఆసుపత్రిలో గుజ్జు అన్నది దీన్నే) ఆ అడ్డుకునే గుణం లేదు. కాబట్టి డాక్టరు చూసేది తొడ ఎముకకూ కింది ఎముకకూ నడుమనున్న సందును. సందు సన్నబడిందంటే మధ్యనున్నది అరిగిందని లెక్క. మనిషిని నిలబెట్టి ఎక్స్‌రే తీసేది అందుకే. పడుకుంటే ఒంటి బరువు మోకాలి మీద పడదు, సందు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇక మాట సంగతి. గుజ్జంటే మెత్తగా, నీరుపట్టి ఉండాలి. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీల జిల్లా మీది, ఆ మెత్తదనం మీకు బాగా తెలుసు. మృదులాస్థి అలా ఉండదు. నున్నగా, గట్టిగా ఉండి, నొక్కితే కాస్త అణిగి మళ్లీ లేస్తుంది. గుజ్జు అనే పేరు చక్కగా అతికేది వెన్నుపూసల మధ్య డిస్కుకు. దాని నడిమి భాగం నిజంగా గుజ్జే. వైద్యులు వాడే లాటిన్ పేరుకు అర్థం కూడా ‘గుజ్జులాంటి గింజ’ అనే. ఎమ్మారైలో ఒక రకం చిత్రాల్లో నీరున్న డిస్కు తెల్లగా మెరుస్తుంది, ఎండినది నల్లబడుతుంది. ‘నడుములో గుజ్జు ఎండిపోయింది’ అనే మన పల్లె మాట ఎంత సరైనదో చూడండి!

అలాగని మోకాలి గుజ్జును నేను కాదనను. వాడుకలో పాతుకుపోయిన మాట, ఇంట్లో హాయిగా అనండి. రాతలో మాత్రం ‘మోకాలి మృదులాస్థి అరిగింది’ అంటే స్పష్టం. అది పూర్తిగా పోయి ఎముకా ఎముకా రాసుకునే దశలోనే ‘ఎముక అరిగింది’ అనాలి.

నన్ను బాధపెట్టే పొరపాటు వేరే ఉంది. అరగడాన్నీ గుల్లబారడాన్నీ చాలామంది ఒకటిగా రాసేస్తున్నారు. గుల్లబారడమంటే ఎముక సాంద్రత తగ్గడం. దాన్ని కొలిచేది డెక్సా స్కాన్. అందులో టీ స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చి సాంద్రతకిచ్చే అంకె, మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముక గుల్లబారినట్టు. రెండు మాటలూ కలిసిపోతే మోకాలు అరిగినవారికి ఇంట్లోవాళ్లు కాల్షియం మాత్రలు మింగించి, నొప్పి తగ్గలేదని దిగులుపడతారు. మీ నాయనగారికి తీసింది మోకాలి ఎక్స్‌రే ఒక్కటే కాబట్టి ‘ఎముకలు గుల్లబారాయి’ అని మాత్రం రాయకండి.