మత్తుమందులు వాడే తమ్ముడు ‘నేను లేకపోతేనే మేలు’ అంటున్నాడు. మానేదాకా దూరం పెట్టాలా?

దూరం పెట్టకండి. ‘ముందు మానేయాలి, ఆ తర్వాతే మాటలు’ అని మీ ఇంట్లోవాళ్లు పట్టుబట్టడం ప్రేమ లేక కాదు, విసిగిపోయి. కానీ చావు మాట ఎత్తిన మనిషికి అలాంటి షరతు పెట్టడం ప్రమాదం. నేనూ కొన్నేళ్లు ఓపియాయిడ్ మాత్రలు, అంటే నల్లమందు తరహా బలమైన నొప్పి మాత్రలు, లేనిదే పొద్దు గడవని స్థితిలో ఉన్నాను కనుక, మీ తమ్ముడి వైపు నుంచి చెబుతున్నాను.

ముందు సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. మా అక్క ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండానే, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని అడిగింది. అవునన్నాను. ఏడవలేదు, ఒట్టు వేయించుకోలేదు. చేతిలోని చొక్కా పక్కన పెట్టి, ‘ఎప్పటి నుంచి?’ అంది. ఆ రెండో ప్రశ్నకే నా నోరు పెగిలింది.

ఎలా, ఎప్పుడు అన్నది కూడా అనుకున్నానని మీ తమ్ముడు చెబితే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. హాని చేసుకోవడానికి వీలున్నవన్నీ, ముఖ్యంగా ఇంట్లో ఉన్న మందులు, అతనికి అందకుండా తీసేసి అత్యవసర వైద్యానికి తీసుకెళ్లండి. మాటసాయానికి భారతదేశంలోనైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416, రాత్రీపగలూ పనిచేస్తుంది. మరో దేశంలో ఉంటే అక్కడి హెల్ప్‌లైన్‌కు చేయండి. మీరే ఫోను చేసి సలహా అడగవచ్చు.

బలవంతంగా ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం మాత్రం వద్దు. మద్యం, కొన్ని రకాల నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపితే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కొకైన్ వంటి ఉత్తేజక మందుల మత్తు దిగాక మనసు పాతాళానికి జారుతుంది. ఆ గంటల్లో పక్కన మనిషి కావాలి. ఓపియాయిడ్లైతే, కొన్నాళ్లు మానినవారి శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. చికిత్సా కేంద్రం నుంచి వచ్చిన తొలి వారాలు అందుకే గండం. ‘నయమై వచ్చాడు’ అని అందరూ ఊపిరి పీల్చుకునేదీ అప్పుడే! ఓపియాయిడ్ మోతాదు మించితే ఇచ్చే విరుగుడు మందు నాలోక్సోన్. దొరికే చోట దాన్ని ఇంట్లో ఉంచుకోండి. అది ఆగుతున్న శ్వాసను తిరిగి తెస్తుంది, కానీ దాని ప్రభావం కొద్దిసేపే. ఇచ్చినా అంబులెన్సును పిలవాల్సిందే.

డాక్టరుకు మత్తుమందుల సంగతీ చావు ఆలోచనల సంగతీ రెండూ చెప్పండి. ‘వాడకం ఆపాక రండి, అప్పుడు మనసు సంగతి చూద్దాం’ అని నన్ను ఒకచోట తిప్పి పంపారు. అలా అంటే మరో చోటికి వెళ్లండి, రెండింటికీ కలిపి చికిత్స చేయవచ్చు. ఓపియాయిడ్లకు బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులున్నాయి. ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు’ అని వాటిని ఈసడించేవారి మాట పట్టించుకోకండి. అవి మరణాలను తగ్గిస్తాయి, నన్ను నిలబెట్టిందీ వాటిలో ఒకటే. డాక్టరును అడగకుండా మధ్యలో ఆపకూడదు.

అతను మాట్లాడనంటే? జెరోమ్ మోట్టో అనే అమెరికన్ మానసిక వైద్యుడు, ఆసుపత్రి నుంచి వెళ్లాక చికిత్స కొనసాగించనన్న రోగులకు కొన్నేళ్లపాటు చిన్న చిన్న ఉత్తరాలు పంపించాడు. బాగున్నారని తలుస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. మందులు వేసుకుంటున్నారా అన్న ఆరా లేదు. ఉత్తరాలు అందినవారిలో తొలి రెండేళ్లలో ఆత్మహత్యలు తక్కువగా నమోదయ్యాయి. మీరూ ఫోనులో అలాంటి నాలుగు మాటలు పంపుతూ ఉండండి. జవాబు రాలేదని నిష్ఠూరమాడకండి. నేను మా అక్కకు జవాబు ఇవ్వని రోజుల్లో కూడా ఆమె సందేశాలు ఒక్కటీ వదలకుండా చదివేవాణ్ని.