గెకోకి ఇంట్లోనే పెట్టె: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆఫ్రికన్ ఫ్యాట్‌టెయిల్ గెకో (పెంచుకునే ఒక రకం బల్లి) ఒకటి తెచ్చుకోవాలనుకుంటున్నాం. గాజు పెట్టెల ధరలు చూస్తే గుండె ఆగింది. ప్లైవుడ్‌తో చేయించుకోవచ్చా? ఎంత ప్లై పడుతుంది? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: నిక్షేపంగా చేయించుకోవచ్చు. నేల మీద తిరిగే ఈ గెకోకి చెక్క పెట్టే నయం కూడా. గాజులో నాలుగు వైపులా మనుషులు కనిపిస్తుంటే బెదిరి మేత మానేస్తుంది. ఒక్కదానికి 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు సరిపోతుంది.

12 మి.మీ. బీడబ్ల్యూపీ ప్లై (మరిగే నీళ్లకూ తట్టుకునే రకం), ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగండి. ఎంఆర్ ప్లై (కాస్త తేమకే తట్టుకునే రకం) చవకే కానీ తడి తగిలితే అంచులు ఉబ్బి పొరలు విడిపోతాయి. అడుగు, కప్పు, వెనక గోడకు 36×18 అంగుళాల ముక్కలు మూడు, పక్కలకు 18×18వి రెండు. మొత్తం 18 చదరపు అడుగులు. 6×3 షీటు కాగితం మీద సరిగ్గా సరిపోతుంది గానీ రంపం తినేసేదానికి, ముందు పట్టీలకు మిగలదు. 6×4 తీసుకోండి.

ముందు కింద 4 అంగుళాల పట్టీ, పైన 2 అంగుళాల పట్టీ, మధ్యలో జరిపే అద్దాలు రెండు. పై ట్రాక్ లోతుగా, కింది ట్రాక్ తక్కువ లోతుగా ఉండాలి. రెండూ ఒకే లోతైతే అద్దాన్ని పైకెత్తి దించడం కుదరదు. ట్రాక్ బిగించాకే కొలత తీసి గ్లాసు కోయించండి. రెండు అద్దాలు అంగుళం మేర ఒకదాని మీదికి ఒకటి రావాలి, అంచులు అరగదీయించాలి.

గాలికి ఒక పక్క గోడలో మట్టానికి కాస్త పైన, ఎదుటి గోడలో కప్పుకి దగ్గరగా 8×2 అంగుళాల కిటికీలు కోయండి. స్టీలు జాలీ వేయండి. నైలాన్ దోమతెరను మేతకు వదిలిన కీచురాళ్లు కొరికి బయటపడతాయి, ఆ తర్వాత రాత్రంతా సోఫా కింద కచేరీయే.

లోపల వాటర్ బేస్డ్ పీయూ (పాలీయురేథేన్ వార్నిష్) మూడు పూతలు, కోసిన అంచులకు ఇంకొకటి అదనం. మూలలకు వెనిగర్ వాసన కొట్టే మామూలు సిలికాన్ పట్టించండి. బాత్రూమ్ యాంటీ ఫంగల్ రకంలో బూజు మందు ఉంటుంది, వద్దు. వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు వారాలు, పెట్టె ఖాళీగా ఉంచండి.

హీట్ మ్యాట్‌ను (కరెంటుతో వేడెక్కే పలచని పరుపు) పెట్టె కింద అంటిస్తే 12 మి.మీ. ప్లై వేడిని పైకి రానివ్వదు, మ్యాట్ మాత్రం కాగిపోతుంది. తడికి తట్టుకునే మ్యాట్‌నే తీసుకుని, లోపల మూడో వంతు నేల మీద పరిచి, పైన టైల్ పెట్టండి. థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే మీట) ప్రోబ్‌ను, అంటే వేడిని కొలిచే తీగ కొసను, టైల్‌కి గట్టిగా అంటించి 32 డిగ్రీలకు పెట్టండి. అది ఊడి గాలిలో వేలాడిందా, మ్యాట్ ఆగకుండా కాలి గెకో పొట్ట కమిలిపోతుంది. మిగతా నేలంతా ఎరువు కలపని కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 2 అంగుళాలు. చల్లని వైపు సగం పగిలిన మట్టికుండ బోర్లిస్తే మంచి గుహ. మరో చిన్న ప్లాస్టిక్ డబ్బాకు రంధ్రం చేసి, అంచు నునుపు చేసి, లోపల తడి కోకోపీట్ నింపండి. తడి చోటు లేకపోతే కుబుసం కాలివేళ్లకు చుట్టుకుని రక్తం ఆడక వేళ్లే రాలిపోతాయి.

ప్రశ్న: పాత రెండడుగుల అక్వేరియాన్ని నిలబెట్టి క్రెస్టెడ్ గెకోకి ఇల్లు చేస్తున్నాను. ఎన్ని వాట్ల బల్బు పెట్టాలి? (పటమట, విజయవాడ)

జవాబు: బల్బు ఊసే వద్దు. చలిదేశాల వాళ్ల కోసం రాసిన కొలతలు బెజవాడలో పనికిరావు. న్యూ కాలెడోనియా దీవుల ఈ గెకోకి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. 28 దాటితే నీరసిస్తుంది, ఆపైన చాలాసేపు ఉంటే ప్రాణానికే ముప్పు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో స్లాబు కింది గది సంగతి మీకు చెప్పాలా? ఫ్యాన్ ఆ వేడి గాలినే తిప్పుతుంది తప్ప గది కన్నా చల్లబరచదు. వేసవంతా పగలూ రాత్రీ ఏసీ నడపగలిగితేనే ఈ గెకో, లేదంటే ఫ్యాట్‌టెయిల్ మేలు. కరెంటు పోయినప్పుడు గడ్డకట్టించిన అర లీటరు నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి గాజుకు బయటివైపు ఆనించండి.

ఇక పెట్టె. నిలబెడితే అక్వేరియం నోరు ముందుకు వస్తుంది, కప్పు మూసుకుపోతుంది. అందుకని ముందు కింద 4 అంగుళాల గాజు పట్టీ అంటించి, పైన అల్యూమినియం ఫ్రేము తలుపులో ఎగువ మూడో వంతుకి జాలీ వేయండి. తలుపుకి అక్రిలిక్ వాడకండి, తేమకు వంకరపోతుంది.

ప్రశ్న: పెట్టెలోకి చీమలు వస్తున్నాయి. చీమల సుద్ద గీయవచ్చా? (వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: వద్దు. అది పురుగుమందే, గెకో తినే కీచురాళ్లకూ అంటుతుంది. పెట్టెను నాలుగు కాళ్ల స్టాండు మీద పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. స్టాండు గోడకు తగలకూడదు. వైరు కూడా చీమలకు వంతెన కావచ్చు. తినగా మిగిలిన కీచురాళ్లను తెల్లారేసరికి తీసేయండి, అవి పగలు నిద్రపోయే గెకోని కొరుకుతాయి. దోమల లిక్విడ్ మెషీన్ ఆ గదిలో పెట్టకండి.