అమ్మలూ, తని మొదలైనప్పుడు మాత్రం లేవకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ నీ ఎక్సెల్ షీట్ నాకు వాట్సాప్‌లో పంపింది. దాని కిందే వాయిస్ మెసేజ్, "ఒరే తమ్ముడూ, ఇది ఒక్కత్తే పది రోజులు మద్రాసులో కచేరీలు వింటూ తిరుగుతుందట, నువ్వన్నా చెప్పరా" అని. చెప్పడానికేముంది, ఆ షీట్ చూసి ఓ అరగంట అలాగే కూర్చుండిపోయాను. రంగులేశావు, కచేరీలు పెట్టే సభల పేర్లు, టైములు, ఒక సభ నుంచి ఇంకో సభకి ఎన్ని కిలోమీటర్లో కూడా రాశావు. ఇంటర్‌లో ఎంసెట్ పేరు చెప్పి సంగీతం క్లాసు మానిపిస్తే మూడ్రోజులు సరిగ్గా అన్నం తినని పిల్లవి, ఇవాళ నీ జీతంతో, నీ లీవులు పెట్టుకుని మద్రాసు డిసెంబర్ కచేరీల సీజన్‌కి వెళ్తున్నావంటే నాకెంత గర్వంగా ఉందో నీకు తెలీదు. ఫోన్ చేస్తే మధ్యలో మీటింగ్ ఉంది మావయ్యా అంటావు, అందుకే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. పది రోజుల్లో నలభై రెండు కచేరీలేంటమ్మా? రోజుకి నాలుగు పైనే. ఒకచోట ఆలాపన సగం విని, ఆటో పట్టుకుని టీనగర్ పరిగెత్తి, అక్కడ స్వరకల్పన సగం విని, మళ్ళీ మైలాపూరు వస్తావా? రాత్రి పడుకునేటప్పుడు చెవుల్లో ఏ రాగమూ మిగలదు, హారన్లే మిగుల్తాయి. రోజుకి రెండు చాలు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. మంచి తోడి రాగం వినొచ్చిన రోజైతే ఆ సాయంత్రంది కూడా మానేసి కపాలీశ్వరుడి గుడి కోనేటి గట్టున కూర్చో, ఏం నష్టం లేదు.

బస మైలాపూర్లోనే చూసుకో, లజ్ దగ్గరైతే సగం సభలు నడక దూరం. శాలువా పెట్టుకో, బయట ఉక్కపోత, హాల్లో ఏసీ చలి. గొడుగు కూడా, డిసెంబర్లో అక్కడ వానలు ఇంకా పూర్తిగా పోవు. పెద్ద పేర్లకి టికెట్లు ముందే తీసుకో, మధ్యాహ్నం పిల్లల కచేరీలకి చాలా సభల్లో టికెట్టే ఉండదు. రాత్రి కచేరీ అయ్యేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, క్యాబ్ ఎక్కగానే మీ అమ్మకి లొకేషన్ పంపు, ఆవిడ నిద్రపోదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. కచేరీకి వెళ్ళే ముందు కడుపు నిండా తిని వెళ్ళు. రెండింటి కచేరీ అయితే పన్నెండున్నరకల్లా భోజనం అయిపోవాలి. సాయంత్రం ఆరున్నరదైతే ఐదున్నరకి టిఫిన్. సభ క్యాంటీన్లు బాగుంటాయి, కాదన్ను, అరిటాకు భోజనం, కీరై వడ (ఆకుకూర వడ), ఫిల్టర్ కాఫీ, వాటికోసమే వచ్చేవాళ్ళూ ఉన్నారు. కానీ ముందు తిను, లేకపోతే మంగళం పాడేశాక తిను. మధ్యలో మాత్రం వద్దు. మావయ్యకి తిండి పిచ్చి అనుకోకు, ఎందుకు చెప్తున్నానో కింద రాస్తా.

నీ షీట్లో పొద్దున కాలమ్ అంతా ఖాళీగా వదిలేశావు, అది నాకు నచ్చలేదు. మ్యూజిక్ అకాడమీలో పొద్దున ఎనిమిదింటికి లెక్చర్ డెమోలు ఉంటాయి. ఒక రాగం తీసుకుని ఇది ఫలానా గ్రంథంలో ఇలా ఉండేది, ఇప్పుడిలా పాడుతున్నాం అని పెద్దవాళ్ళు పాడి చూపిస్తారు, వెనక వరసలో కూర్చున్న ముసలాళ్ళు లేచి ప్రశ్నలడుగుతారు. అసలు అకాడమీ పుట్టిందే ఈ చర్చల్లోంచి. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దాంతోపాటు సంగీత సభ కూడా పెట్టారు, దాని తర్వాత 1928లో అకాడమీ వచ్చింది. ఆ సభ క్రిస్మస్ సెలవుల్లో జరిగింది, ఇప్పుడు సీజన్ నడిచేదీ డిసెంబర్లోనే. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి 1941లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది అక్కడే, బాలమురళి గారికి 1978లో, పినాకపాణి గారికి 1983లో. ఆ గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు వాళ్ళని ఒక్కసారి తలుచుకో. ఒక్క రోజు మాత్రం ఇంకా ముందే, చీకటితో లేచి మాడవీధుల్లోకి వెళ్ళు. మనకి ధనుర్మాసం, వాళ్ళకి మార్గళి, వీధి భజనలు ఉంటాయి, తమిళంలో కీర్తనలు కట్టిన పాపనాశం శివన్ గారు నడిచి పాడిన వీధులవి.

ఇంకో మాట. అక్కడ త్యాగయ్య గారి సాహిత్యం కొంతమంది నోట్లో విరిగినట్టు వినిపిస్తుంది, నీకు చివుక్కుమంటుంది, నాకూ అనిపించేది. మొహం చిట్లించకు. మన భాష పుట్టుకతో రాని పిల్లలు కూర్చుని వందల కీర్తనలు కంఠతా పట్టి మనకి మళ్ళీ వినిపిస్తున్నారు, మనిళ్ళల్లో ఎంతమందికొచ్చు చెప్పు? నీకున్న అదృష్టం వేరే. నెరవల్‌లో ఒకే పాదాన్ని తిప్పి తిప్పి పాడుతుంటే అందరికీ రాగం కనపడుతుంది, నీకు రాగంతో పాటు త్యాగయ్య ఎవరిని నిలదీస్తున్నాడో, ఎవర్ని బతిమాలుతున్నాడో కూడా అర్థమవుతుంది. ఆ పాదం వచ్చినప్పుడు కళ్ళు మూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. నీకు ఎవరూ చెప్పి ఉండరు, మీ నాన్న చెప్పడు.

1991 డిసెంబర్. ఆ ఏడాది నేదునూరి కృష్ణమూర్తి గారు సంగీత కళానిధి అని తెలిసి బెజవాడ నుంచి నలుగురం బయల్దేరాం, నేను, మీ నాన్న, ఇంకో ఇద్దరు స్నేహితులు. మీ అమ్మకి పెళ్ళై ఏడాది. మీ ఇంట్లో అటక మీద ఖాకీ గుడ్డలో చుట్టి ఓ మృదంగం ఉంటుంది చూశావా, అది అప్పుడు అటక మీద ఉండేది కాదు, హాల్లో చాప మీద ఉండేది. మీ నాన్న బ్యాంకులో గుమాస్తా, పొద్దున నాలుగున్నరకే లేచి సాధన, మళ్ళీ తొమ్మిదిన్నరకి కౌంటర్లో. మద్రాసులో మన కాకినాడ వైపు కుర్రాడొకడు చిన్న సభలో రెండు గంటల కచేరీ పాడాలి, అనుకున్న మృదంగం ఆయనకి జ్వరమొచ్చిందని వారం ముందు మీ నాన్నకి కబురొచ్చింది. మీ అమ్మ చిన్న స్టీలు డబ్బాలో బొంబాయి రవ్వ పోసిచ్చింది. మృదంగం ఎడమవైపు తడి రవ్వ ముద్ద పెడితేనే ఆ గుమ్మనే నాదం వచ్చేది, మద్రాసులో రవ్వ దొరకదా అంటే మన రవ్వ అయితే బాగా అంటుకుంటుందంది.

ఆ రోజు పొద్దున నేను అకాడమీలో లెక్చర్ విని, అక్కడ్నించి ఎండలో నడిచి నడిచి ఆ సభకి చేరాను, పొద్దున్నుంచి కడుపులో ఒక్క కాఫీ. హాల్లో ముప్పై మంది కూడా లేరు, నేను రెండో వరస. కుర్రాడు బాగానే పాడాడు. మెయిన్ పాట ఖరహరప్రియ రాగం, త్యాగరాజ కీర్తన, మిశ్రచాపు తాళం. స్వరాలు ముగించి కుర్రాడు మీ నాన్న వైపు తిరిగి చెయ్యి చూపించాడు, తని మీదే అని. తని అంటే పాట ఆపి మృదంగం ఒంటరిగా వాయించే వంతు. అంతే, కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరస సగం లేచింది. నా పక్కనాయన కూడా లేస్తూ, ఇప్పుడెళ్తే క్యాంటీన్లో రష్ ఉండదు రండి అన్నాడు. నేను స్టేజీ వైపు చూశా. మీ నాన్న తల వంచుకుని వేళ్ళు నీళ్ళల్లో తడుపుకుని ఎడమవైపు రవ్వని అంచుల దాకా ఒత్తుకుంటున్నాడు. నన్ను చూడట్లేదులే అనుకున్నాను. లేచాను.

క్యాంటీన్లో క్యూ. మసాలా దోశ చెప్పా. గోడ అవతల్నించి మృదంగం వినిపిస్తూనే ఉంది, ఏం వాయిస్తున్నాడో తెలీదు, ఎవరో తలుపు కొడుతున్నట్టు దబ దబ. ఇంకా నడుస్తోందిలే, టైముందిలే అనుకుంటూ దోశ తిన్నాను, కాఫీ కూడా తాగాను. వెనక్కొచ్చేసరికి మంగళం పాడుతున్నారు.

స్టేజీ వెనక్కి వెళ్తే మీ నాన్న తడిగుడ్డతో రవ్వ తుడుస్తున్నాడు. గోళ్ళ సందుల్లో రవ్వ ఇంకా తెల్లగా ఉంది. నన్ను చూసి "దోశ బాగుందా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదమ్మా, మీ నాన్నకి అది చేతకాదు. "పొద్దున్నుంచి ఏం తిన్లేదుగా నువ్వు" అని కూడా అన్నాడు. బాగుంది బావా అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

తిరుగు రైల్లో మీ నాన్న నిద్రపోయాక మా స్నేహితుడు చెప్పాడు. ఏడు అక్షరాల తాళంలో ఐదేసి నడక పెట్టి ఓ కోర్వై, అదే తని చివర మూడుసార్లు వేసి దించే ముక్క, కట్టుకున్నాట్ట, మూడు నెలలుగా దాని మీదే ఉన్నాట్ట. మధ్యలో పాడే కుర్రాడి చెయ్యే తాళం తడబడిందట, మీ నాన్న తలెత్తకుండా లాక్కుంటూ వచ్చి సరిగ్గా పల్లవి ఎత్తుకునే చోట దింపాట్ట. లేవకుండా మిగిలిన ఓ ముసలాయన తొడ మీద కొట్టుకుని భేష్ అన్నాట్ట. అంతా "ట". నేను అక్కడే ఉన్నాను, నలభై అడుగుల దూరంలో, దోశ ముందు. ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఆ తర్వాత బెజవాడలో నాలుగైదు సార్లు వాయించాడు, ప్రమోషన్, శ్రీకాకుళం వైపు ట్రాన్స్‌ఫర్, తర్వాత నువ్వు, చదువులు, మృదంగం అటకెక్కింది. నేను లేచినందుకు మానేశాడని అనను, అలా కాదు. కానీ ఆ తని నేను వినలేదు. ముప్పై ఏళ్ళు దాటింది, ఏ కచేరీలో కూర్చున్నా మృదంగం ఒంటరిగా మొదలవగానే నా చేతులు కుర్చీని గట్టిగా పట్టుకుంటాయి.

అందుకే చెప్తున్నా, తని వచ్చినప్పుడు లేవకు. అర్థం కాదేమో అని భయపడకు, అంత కష్టం కాదు. పాడే మనిషి చేతిని చూడు, తాళం వేస్తూనే ఉంటారు. ఆదితాళమైతే ఎనిమిది లెక్క పెట్టుకో. మిశ్రచాపు అయితే తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు. ముందు మృదంగం ఒక్కటే చాలాసేపు వాయిస్తుంది, తర్వాత ఘటమో కంజీరో అందుకుంటుంది, పెద్ద ముక్క ఒకరు, పెద్ద ముక్క ఇంకొకరు, రాను రాను ముక్కలు చిన్నవైపోతాయి, ఇద్దరూ కలిసిపోతారు. చివర్లో ఒకే ముక్కని మూడుసార్లు వేసి దించుతారు, ఆ దించిన చోటునుంచే పాట మళ్ళీ ఎత్తుకుంటుంది. ఆ చోటు నీ లెక్కతో కలిసిందంటే ఒళ్ళు ఝల్లుమంటుంది. మొదటి రెండుసార్లు కలవదు. మూడోసారి కలుస్తుంది. అందులోనూ మధ్యాహ్నం కచేరీల్లో అసలు లేవకు. పెద్దవాళ్ళకి నువ్వు లేచినా వెనకాల వెయ్యిమంది ఉంటారు. రెండింటికి వాయించే పిల్లాడికి నువ్వు లేస్తే ఒక వరస ఖాళీ, వాడు నెలల తరబడి కట్టుకున్నది వాడి బావమరిదే వినకపోతే ఇంకెవరు వింటారు.

చివరిగా ఒకటి అడుగుతాను, కాదనకు. మీ నాన్నని రమ్మన్నావా? షీట్లో అన్నీ ఒక్క టికెట్టే ఉన్నాయి. రిటైరై నాలుగేళ్ళయింది, పొద్దున పేపరు, సాయంత్రం వాకింగ్. పది రోజులు వద్దు, నాలుగు రోజులు. మోకాళ్ళ నొప్పులంటాడు, టికెట్లకి డబ్బు దండగంటాడు, నాకేం తెలుసమ్మా సంగీతం అంటాడు, అది మాత్రం నమ్మకు. బుక్ చేసేశాను నాన్నా, క్యాన్సిల్ చేస్తే డబ్బులు రావు అను, వస్తాడు. హాల్లో మెట్లెక్కే పని లేకుండా నడిచే దారి పక్క సీటు తీసుకో. పినాకిని రైలుకే వెళ్ళండి, పొద్దున ఆరు దాటాక బెజవాడలో ఎక్కితే ఒంటిగంట ప్రాంతానికి సెంట్రల్లో ఉంటారు, కిటికీ సీటు ఆయనకివ్వు. కచేరీలో తని మొదలయ్యాక స్టేజీని కాసేపు వదిలేసి పక్కకి చూడు, ఆయన కుడిచేతి వేళ్ళు మోకాలి మీద ఏం చేస్తున్నాయో చూసి ఆ రాత్రి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా పర్లేదు.

ఈ ఉత్తరం సంగతి ఆయనకి చెప్పకు. పీఎన్ఆర్ నాకు వాట్సాప్ చెయ్యి, స్టేషన్‌కి నేనొస్తా. మీ ఇద్దరికీ టిఫిన్ నేనే కట్టించి తెస్తా, దార్లో ఏం కొనుక్కోవద్దు.

మీ మావయ్య