భూగర్భ జలమార్గంలో పడవ ఎక్కే ముందు: తనిఖీ పత్రం అడిగే హక్కు మీకుందా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. చాలా ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. ఈ వేసవిలో మా తెలుగు కుటుంబాలవాళ్లం 24 మంది కలిసి న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సొరంగంలో పడవ షికారుకు వెళ్లాలనుకుంటున్నాం. మా అమ్మానాన్నలిద్దరూ 70 దాటినవారు, సందర్శక వీసా మీద వచ్చి ఉన్నారు. కచ్చులూరు ప్రమాదం తర్వాత అమ్మకు పడవ పేరెత్తితేనే భయం. అందుకని పడవకు ప్రభుత్వ తనిఖీ పత్రం ఉందా అని నిర్వాహకులను అడిగాను. "సొరంగం మా సొంతం, ప్రభుత్వ తనిఖీ నియమాలు మాకు వర్తించవు" అని జవాబిచ్చారు. పైగా ప్రమాదం జరిగితే తమకు బాధ్యత లేదన్న పత్రం మీద అందరూ సంతకం చేయాలట. వారి మాట చట్టబద్ధమేనా? సంతకం చేస్తే మా హక్కులు పోయినట్టేనా?

జవాబు: నిర్వాహకులు చెప్పినదాంట్లో చట్టపరమైన ఆధారం కొంత ఉన్నది. అయితే "తనిఖీ వర్తించదు" అన్న మాటకు "మాకు బాధ్యత లేదు" అని అర్థం లేదు. మీ ప్రశ్నకు జవాబంతా ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాలోనే ఉన్నది కాబట్టి, కొంచెం వివరంగా చెబుతాను.

అమెరికాలో ప్రయాణికుల పడవల తనిఖీ రెండు అంచెలుగా సాగుతుంది. మొదటిది కేంద్ర ప్రభుత్వానిది, దానిని కోస్ట్‌గార్డ్ (తీర రక్షక దళం) చూస్తుంది. 100 గ్రాస్ టన్నుల (ఇది బరువు కాదు, పడవ లోపలి పరిమాణపు కొలత) లోపు పడవలో 6 మందికి మించి ప్రయాణికులు ఉండి, వారిలో ఒక్కరైనా డబ్బు చెల్లించి ఎక్కినవారైతే, ఆ పడవ తనిఖీ ధ్రువపత్రం లేకుండా నడవకూడదు. ఆ పత్రం సాధారణంగా 5 ఏళ్లు చెల్లుతుంది గాని, మధ్యలో ఏటా తనిఖీ తప్పదు. ఎంతమందిని ఎక్కించవచ్చో, ఏయే రక్షణ సామగ్రి ఉండాలో ఆ పత్రంలోనే రాసి ఉంటుంది, దానిని ప్రయాణికులకు కనబడేటట్టు పెట్టాలి. అయితే కోస్ట్‌గార్డ్ అధికారం అమెరికా నౌకాయాన జలాలకే పరిమితం. ఒక జలమార్గం, తానుగా గాని ఇతర జలమార్గాలతో కలిసి గాని, రాష్ట్రాల మధ్య లేదా దేశాల మధ్య వాణిజ్యానికి దారి కాగలదా లేదా అన్నదే దానికి గీటురాయి అని అమెరికా సుప్రీంకోర్టు 1871లోనే డానియల్ బాల్ కేసులో తేల్చింది. రెండు కొసలా మూసుకుపోయి, బయట ఉన్న నదిలోకో కాలువలోకో పడవ దాటే వీలు లేని సొరంగం ఈ పరీక్షలో నిలబడడం చాలా కష్టం.

రెండో అంచె రాష్ట్రానిది. న్యూయార్క్ నావిగేషన్ చట్టం ప్రకారం, యంత్రబలంతో కొంతైనా నడుస్తూ, ప్రతిఫలం తీసుకుని ప్రయాణికులను తిప్పే పడవను "పబ్లిక్ వెసల్" అంటారు. ఇలాంటి పడవల తనిఖీ రాష్ట్ర పార్కుల శాఖ బాధ్యత. ఇక్కడే మీ నిర్వాహకుల వాదనకు బలం చేకూరుతుంది, ఎందుకంటే ఆ నిర్వచనం పడవను "రాష్ట్ర నౌకాయాన జలాల"తో ముడిపెడుతుంది, ఆ జలాల నిర్వచనంలో ప్రైవేటు యాజమాన్యంలో లేనివి అన్న మాట ఉన్నది. అంటే అదే ఇంజను, అదే సరంగు, అదే 24 మంది ప్రయాణికులు చెరువులో ఒక నియమానికి, సొంతదారు గల సొరంగంలో మరో నియమానికి లోబడతారు. ప్రమాదం ఎక్కడ ఎక్కువ అన్నదానిని బట్టి కాక, నీళ్లు ఎవరివన్నదానిని బట్టి తనిఖీ నిర్ణయమవుతున్నది. పడవ తిరగబడితే ఈది చేరడానికి ఒడ్డు లేనిచోట, వెలుతురు లేనిచోట, తల పైకెత్తితే రాయి తగిలేచోట తనిఖీ సడలిపోవడం నాకు ఏ విధంగానూ సమంజసంగా కనిపించదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2023 జూన్ 12న న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో సరిగ్గా ఇలాంటి చోటే ఒక పడవ బోల్తా పడింది. అది ఈరీ కాలువ పక్కన, 19వ శతాబ్దంలో కర్మాగారాలకు నీటిబలం అందించడానికి రాతిని తొలిచి వేసిన సొరంగం. పర్యాటక, ఆతిథ్య రంగాలలో పనిచేసే సుమారు 30 మంది పడవలో ఉన్నారు. నీటి లోతు 5, 6 అడుగులే. అయినా ఒకరు పడవ కింద చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు, మరికొందరు గాయపడి ఆసుపత్రి పాలయ్యారు. లోతు తక్కువ గనుక భయం లేదన్న మాటకు అక్కడే జవాబు దొరికింది. ఆ తర్వాత భూగర్భ జలమార్గాల్లోని పడవలను కూడా తనిఖీ పరిధిలోకి తేవాలన్న సవరణ ప్రతిపాదన రాష్ట్ర శాసనసభ ముందుకు వచ్చింది. కాబట్టి మీరు వెళ్లే నాటికి అమల్లో ఉన్న నావిగేషన్ చట్ట పాఠాన్ని ఆధారం చేసుకుని, "ఏ సెక్షన్ ప్రకారం మీకు మినహాయింపు ఉన్నది?" అని నిర్వాహకులను రాతపూర్వకంగా అడగండి. "మాకు వర్తించదు" అని ఫోనులో అనడం తేలిక, సెక్షన్ సంఖ్యతో రాసి ఇవ్వడం వేరు. వారు చెప్పినది సరైనదేనా అని రాష్ట్ర పార్కుల శాఖను కూడా అడగవచ్చు. తనిఖీ రికార్డులేమైనా ఉంటే సమాచార స్వేచ్ఛ చట్టం కింద కోరవచ్చు. దరఖాస్తు అందిన 5 పనిదినాల్లో ఆ శాఖ ఏదో ఒక రూపంలో స్పందించాలి. కోస్ట్‌గార్డ్ పత్రం ఉన్నదని చెబితే, పడవ పేరుతో లేదా అధికారిక సంఖ్యతో కోస్ట్‌గార్డ్ వెబ్‌సైటులోనే సరిచూసుకునే వీలుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. తనిఖీ పత్రం చూపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. 2005 అక్టోబర్ 2న అదే రాష్ట్రంలోని లేక్ జార్జ్‌లో ఈథన్ ఆలెన్ అనే షికారు పడవ తిరగబడి, ఎక్కిన 47 మంది ప్రయాణికుల్లో 20 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది మీ అమ్మానాన్నల వయసువారే. ఆ పడవకు రాష్ట్ర తనిఖీ పత్రం ఉన్నది, అందులో 48 మంది ప్రయాణికులకు అనుమతి కూడా ఉన్నది. అయితే ఆ లెక్క మనిషికి సగటున 140 పౌండ్లు, అంటే సుమారు 63 కిలోల బరువు అన్న పాత అంచనా మీద కట్టినది. పైగా పడవ మీద గుడ్డ కప్పు తీసి చెక్క కప్పు వేసిన తర్వాత దాని స్థిరత్వాన్ని మళ్లీ లెక్కగట్టలేదు. జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు చేసి, అసలు ఆ పడవ భద్రంగా మోయగలిగింది 14 మందినే అని తేల్చింది. కేంద్ర నియమాల్లో సగటు బరువును 2011 డిసెంబర్ 1 నుంచి 185 పౌండ్లకు, అంటే సుమారు 84 కిలోలకు పెంచారు. అందుచేత మీరు నిర్వాహకులను అడగవలసిన ప్రశ్నల్లో "పత్రం ఉందా" అన్నదాని కన్నా ముఖ్యమైనది "ఎంతమందిని ఎక్కిస్తారు, ఆ సంఖ్య మనిషికి ఎంత బరువు చొప్పున లెక్కగట్టారు, ఆ లెక్క తర్వాత పడవకు మార్పులేమైనా చేశారా" అన్నది. ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు లేస్తే వెడల్పు తక్కువ పడవ ఎంత ఒరుగుతుందో గోదావరి ఒడ్డున పెరిగిన మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ ఈథన్ ఆలెన్ వ్యవహారంలోనే ఇంకో పాఠం ఉన్నది. తనిఖీలో లోపం చేసిన రాష్ట్రమే పరిహారం ఇవ్వాలని బాధితులు దావా వేశారు. 2012లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అప్పీల్స్, మెట్జ్ కేసులో ఆ దావాను తోసిపుచ్చింది. తనిఖీ బాధ్యత సమాజం మొత్తానికి సంబంధించినదే తప్ప, ఫలానా ప్రయాణికుడి పట్ల ప్రత్యేకంగా ఉన్న బాధ్యత కాదన్నది దాని సారాంశం. అంటే ప్రభుత్వం తనిఖీ చేసినా, చేయకపోయినా, చివరకు పరిహారం కోసం మీరు చూడవలసింది పడవ నడిపేవారి వైపే. అందుకే వారికి ప్రయాణికుల ప్రమాద బీమా ఉన్నదా, ఎంత మొత్తానికి ఉన్నది అని ముందే అడగడం మర్యాదకు భంగం కాదు.

ఆ నిర్వాహకుల బాధ్యతకు తనిఖీ నియమంతో పని లేదు. తన స్థలంలోకి వచ్చినవారి పట్ల యజమాని పరిస్థితులకు తగిన సహేతుకమైన జాగ్రత్త చూపాలని 1976లో బాసో కేసులో అదే న్యాయస్థానం స్థిరపరచింది. తనిఖీ నియమం ఉండి దానిని ఉల్లంఘిస్తే, నిర్లక్ష్యాన్ని రుజువు చేయడం మీకు సులభమవుతుంది. నియమమే లేకపోతే ఆ సులువు మాత్రమే పోతుంది, హక్కు పోదు. అప్పుడు సాధారణంగా వివేకవంతుడైన నిర్వాహకుడు ఏం చేసి ఉండేవాడన్నది సాక్ష్యాలతో, నిపుణుల చేత చూపించవలసి వస్తుంది. దానికి కోస్ట్‌గార్డ్ నియమాలు నేరుగా వర్తించకపోయినా కొలబద్దగా పనికొస్తాయి. ఉదాహరణకు ఆ నియమాల కింద పడవలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలి, బయలుదేరే ముందు భద్రతా సూచనలు చెప్పాలి. సొరంగానికి వచ్చేసరికి ఇంకా ఆలోచించవలసినవి ఉన్నాయి. తిరగబడిన పడవ కింద చిక్కుకున్న మనిషిని లైఫ్ జాకెట్ పైకి, అంటే పడవ అడుగు వైపే నెడుతుంది గనుక, అక్కడ జాకెట్ కన్నా పడవ ఒరగకుండా ఉండడమే అసలు రక్షణ. దీపాలు ఆరిపోతే రెండో ఏర్పాటు ఏమిటి, సొరంగం లోపలి నుంచి బయటకు కబురు చేరే సాధనం ఏమిటి, రెండో పడవ సిద్ధంగా ఉంటుందా అన్నవి కూడా అడగండి.

ఇక సంతకం విషయం. న్యూయార్క్ జనరల్ ఆబ్లిగేషన్స్ చట్టం సెక్షన్ 5-326 ప్రకారం, రుసుము తీసుకుని నడిపే వినోద స్థలంలో, తమ నిర్లక్ష్యం వల్ల కలిగే హానికి బాధ్యత లేదని ప్రయాణికుల చేత రాయించుకున్న ఒప్పందం చెల్లదు. కాబట్టి టికెట్టు కొని ఎక్కిన మీ 24 మంది సంతకాలు చేసినా, నిర్వాహకుల నిర్లక్ష్యాన్ని ప్రశ్నించే హక్కు మీకు మిగులుతుంది. అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఈ రక్షణ రుసుము మీద ఆధారపడింది. మీ సంఘం పెద్దలను ముందుగా ఉచితంగా తిప్పి చూపిస్తామని పిలిస్తే, ఆ ఉచిత ప్రయాణంలో సెక్షన్ వర్తిస్తుందా అన్నదే వివాదమవుతుంది. కనుక అలాంటి ఆహ్వానం వస్తే పత్రం మీద సంతకం పెట్టకండి, మీ పేరున టికెట్టు కొనుక్కునే వెళ్లండి. సంఘం తరఫున ఒకరే మొత్తం చెల్లించినా పరవాలేదు గాని, రసీదులో అందరి పేర్లూ ఉండేలా చూసుకోండి. రెండోది, ఇది న్యూయార్క్ చట్టం. పెన్సిల్వేనియాలోని పెన్స్ కేవ్, టెనసీలోని లాస్ట్ సీ, కెంటకీలోని లాస్ట్ రివర్ కేవ్ వంటి చోట్ల కూడా భూగర్భ పడవ షికార్లు ఉన్నాయి. అక్కడికి వెళితే ఆ రాష్ట్రాల చట్టాన్ని విడిగా చూడాలి, ఎందుకంటే ఇలాంటి పత్రాలను నిర్దిష్ట షరతులతో గుర్తించే రాష్ట్రాలూ ఉన్నాయి.

మీ అమ్మానాన్నలు సందర్శక వీసా మీద ఉన్నంత మాత్రాన వారి హక్కుకు లోటు లేదు. దావా వేయడానికి పౌరసత్వం గాని, స్థిర నివాసం గాని అవసరం లేదు. వారు రాజమహేంద్రవరం తిరిగి వెళ్లిపోయిన తర్వాత కూడా న్యాయవాది ద్వారా కొనసాగించవచ్చు. కాలపరిమితి విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. న్యూయార్క్‌లో నిర్లక్ష్యం వల్ల గాయపడితే దావాకు గడువు 3 ఏళ్లు, మరణం సంభవిస్తే మరణించిన తేదీ నుంచి 2 ఏళ్లు. సొరంగంలో గాని, పడవ ఎక్కే రేవులో గాని నగర పాలక సంస్థకో కౌంటీకో వాటా ఉంటే, 90 రోజుల్లో నోటీసు ఇచ్చి, సాధారణంగా సంఘటన నుంచి 1 ఏడాది 90 రోజుల లోపల దావా వేయాలి. మనవాళ్లు ఆసుపత్రి బిల్లుల గురించి వారాల తరబడి బాధపడి, ఆ పైన బంధువులను సలహా అడిగి, చివరికి నా దగ్గరకు వచ్చేసరికి ఆ 90 రోజులు దాటిపోయిన సందర్భాలు చూసి నాకు ఎంతో బాధ కలిగింది. టికెట్టు, సంతకం చేసిన పత్రం నకలు, ఎక్కే ముందు పడవను, సూచనల బోర్డును తీసిన ఫొటోలు, నిర్వాహకులతో జరిగిన ఈమెయిళ్లు భద్రపరచండి. సందర్శకుల ఆరోగ్య బీమాలో ఇలాంటి షికార్లకు మినహాయింపు రాసి ఉన్నదేమో ఇప్పుడే చదవండి.

మన దేశంలో కూడా ఈ చిక్కు పూర్తిగా లేదనను. 2019 సెప్టెంబర్ 15 నాటి కచ్చులూరు దుర్ఘటన తర్వాత, 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021 అంతర్గత నౌకల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద యంత్రంతో నడిచే పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాగితం మీద నియమం ఉండడం, రేవులో దానిని అమలు చేయడం రెండూ ఒకటి కావని మీ అమ్మగారికి నాకన్నా బాగా తెలుసు.

మీ విషయానికి వస్తే, పై ప్రశ్నలన్నిటికీ నిర్వాహకులు రాతపూర్వకంగా, సంఖ్యలతో సహా జవాబిస్తే వెళ్లవచ్చు, అయితే అందరూ ఒకే పడవలో కాకుండా రెండు మూడు విడతలుగా ఎక్కండి. జవాబు రాకపోయినా, "ప్రైవేటు సొరంగం" అన్న ఒక్క మాటే మళ్లీ వచ్చినా, మీ అమ్మగారిని ఒడ్డునే ఉండనివ్వండి, ఆవిడకు తోడుగా మీరూ ఉండండి.