చెరువు గట్టుకి నాటు తుపాకీ చేయించుకోవచ్చా?

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర ఉండి అనే ఊరి పక్కన పల్లెటూరండి. ఆరెకరాల వెనామీ రొయ్యల చెరువు. తెల్లారకముందే నీటికాకులు, కొంగలు గుంపులుగా వాలి రొయ్యని ఖాళీ చేస్తున్నాయి. గొట్టం తెచ్చిస్తే నాటు తుపాకీ చేసిపెడతానని మా ఊరి కమ్మరి అన్నాడు. అమ్మేది లేదు, మా గట్టు దాటించేది లేదు. అమెరికాలో ఉన్న మా బావమరిది, అక్కడ ఇంట్లోనే చేసుకుంటారంటున్నాడు. ముందు చేయించి, తర్వాత లైసెన్సుకి పెట్టుకుంటే సరిపోదా? మా తాతగారికి లైసెన్సు తుపాకీ ఉండేది. ఈమధ్యే ఆయన పోతే స్టేషన్లో అప్పగించాం.
- ఒక రైతు

జవాబు: వద్దు బాబూ. గొట్టం కొనకముందే అడిగారు, అదే మేలు.

తుపాకీ దగ్గర ఉంచుకోవడం వేరు, తయారుచేయడం వేరు. 1959 ఆయుధాల చట్టంలో మొదటిదానికి 3వ సెక్షను, రెండోదానికి 5వ సెక్షను. ఉంచుకునే లైసెన్సు చేతిలో ఉన్నవాడు కూడా తుపాకీ తయారుచేయకూడదు. ఆఖరికి మరమ్మతుకి కూడా 5వ సెక్షను కింద లైసెన్సు ఉండాలి. సొంత స్థలం, సొంత వాడకం అన్న మినహాయింపు అందులో ఎక్కడా లేదు. చేశాక లైసెన్సు అడగడమంటే, నేరం చేశానని మీ చేత్తో మీరే రాసివ్వడం.

శిక్ష సంగతి గట్టిగా చెప్పాలి. లైసెన్సు లేని తయారీకి ఒకప్పుడు 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ 7 ఏళ్లు, పైన యావజ్జీవం, జరిమానా. నేరం రుజువయ్యాక, రొయ్యల కోసమే కదా అని జడ్జి గారికి జాలి కలిగినా ఏడేళ్ల కిందికి దిగడానికి లేదు. రైతుకీ, తుపాకులు అమ్ముకునే ముఠాకీ ఒకే కొలత పెట్టడం నాకు న్యాయంగా తోచదు. కానీ ఇప్పుడున్న చట్టం అదే. సగం చేశాక ఆపేస్తే గండం గడిచిందనుకోకండి. తుపాకీ విడిభాగాలూ, తయారుచేసే యంత్రాలూ చట్టం దృష్టిలో ఆయుధాలే. ఇక ఆ కమ్మరి! చేసింది అతను కాబట్టి ముందు అతన్నే తీసుకెళ్తారు. మీ రొయ్యల కోసం అతని కొలిమి ఆరిపోకూడదు.

మీ బావమరిది మాటలో సగం నిజం ఉంది. అక్కడి ఫెడరల్ (కేంద్ర) చట్టం సొంతానికి చేసుకోనిస్తుంది, కొన్ని రాష్ట్రాలు అదీ ఒప్పుకోవు. 16 అంగుళాల కంటే పొట్టి గొట్టం రైఫిలుకైతే 1934 నాటి చట్టం ప్రకారం ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఏదైనా అది ఉండిలో చెల్లదు.

లైసెన్సు తుపాకీ ఉన్నా మీ చెరువు సమస్య తీరదు. నీటికాకినీ కొంగనీ కాలిస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇంకో కేసు. చెరువు మీద పక్షుల వల కట్టించండి, గట్టు చుట్టూ మెరుపు రిబ్బన్లు లాగండి. వెనామీ సాగుకి పక్షుల్ని ఆపే ఏర్పాటు ఎలాగూ ఉండాల్సిందే. పక్క చెరువులో జబ్బు చేసిన రొయ్యని పక్షులు ముక్కున కరుచుకొచ్చి మీ చెరువులో పడేస్తే వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు అంటుకుంటుంది, ఆ నష్టం అవి తినేదానికంటే ఎక్కువ. పక్షుల్ని బెదరగొట్టడానికి ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడ్ వేసి పేల్చే పని మాత్రం పెట్టుకోకండి. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నది వాటివల్లే.

తాతగారి తుపాకీ ఇంటి రక్షణకి కావాలనుకుంటే దారి ఉంది. 2016 ఆయుధాల నిబంధనలు లైసెన్సుదారు చనిపోతే వారసుడు దరఖాస్తు పెట్టుకోనిస్తాయి. మీకు 21 ఏళ్లు నిండి ఉండాలి. స్టేషన్లో ఇచ్చిన రసీదు, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుదల కాగితం పట్టుకుని భీమవరం కలెక్టరేట్‌కి వెళ్లండి. ఆలస్యం చేయకండి, గడువు దాటితే ఆ తుపాకీ ప్రభుత్వపరం అవుతుంది.